పట్టు వేరు, దెబ్బ వేరు: చెడుగుడు గురించి నాలుగు మాటలు



పొంగల్ దగ్గర పడుతోంది. తిరునిన్రవూరు నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి దాకా మనవాళ్లున్న ఊళ్లలో కాణుం పొంగల్ ఆటల గురించి మాటలు మొదలయ్యాయి. మన సభ్యుల మధ్య రెండు వారాలుగా ఒకటే చర్చ. "చెడుగుడంటే మగాళ్ల ఆట. నాలుగు దెబ్బలు పడకపోతే చూసేవాడికి మజా ఏముంది?" అని కొందరు. "ఇలాగైతే పిల్లల్ని పంపించం" అని తల్లులు. కెనడాలో స్థిరపడ్డ మన కుటుంబాల కుర్రాళ్లు ఇద్దరు ఐస్ హాకీ ముచ్చట తెచ్చి, "ఇక్కడ ఆటగాళ్లు గ్లవ్స్ పారేసి గుద్దుకుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. అది కూడా ఆటలో భాగమే" అన్నారు.

చిన్నప్పటి నుంచీ చెడుగుడు చూస్తూ పెరిగిన అభిమానులం మేము. ఈ మాటలన్నీ విన్నాక, ఆట చరిత్రలోంచి కొన్ని సంగతులు అందరి ముందూ పెడదామనుకున్నాం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. చెడుగుడు గట్టి ఆటే, అందులో అనుమానం లేదు. కానీ ఆ గట్టితనం పట్టులో ఉంది, దెబ్బలో లేదు. వందేళ్లుగా ఈ ఆటకు నియమాలు రాసినవాళ్లు చేసిన పనల్లా ఈ రెంటినీ విడదీయడమే.

ముందు పేరు సంగతి చూద్దాం. మనం చెడుగుడు అంటాం. తమిళ సోదరులు సడుగుడు అంటారు. మహారాష్ట్రలో హుతుతు, బెంగాల్లో హాడుడు. వరసగా పలికి చూడండి, ఆటగాడు ఊపిరి వదలకుండా పెట్టే కూతే చెవిలో వినిపిస్తుంది. ఎదుటి గడిలోకి ఒంటరిగా వెళ్లేవాడి చేతిలో ఆయుధం లేదు, పక్కన తోడు లేదు. అవతల ఏడుగురు. ఇతని దగ్గర ఉన్నది ఒక్క ఊపిరి. అది తెగితే ఔట్. కోపం నెత్తికెక్కినవాడికి ముందు తప్పేది ఊపిరే కదా! కూత నిలబెట్టుకోవాలంటే ఒళ్లు వేడిగా, బుర్ర చల్లగా ఉండాలి. ఆటలో మొదటి గట్టితనం ఇదే.

పాతకాలంలో ఈ ఆటను మూడు పద్ధతుల్లో ఆడేవారు. సంజీవనిలో ఔటైనవాడు బయట కూర్చుంటాడు, మనవాళ్లు అవతలివాణ్ని ఔట్ చేస్తే మళ్లీ లోపలికి వస్తాడు. గామినిలో జట్టు మొత్తం ఔటయ్యే దాకా ఎవరూ తిరిగి రారు. అమర్‌లో ఔటైనవాడూ ఆడుతూనే ఉంటాడు, పాయింటు మాత్రం ఎదుటి జట్టుకు పోతుంది. ఇవాళ టీవీలో చూస్తున్న కబడ్డీ సంజీవని పద్ధతి మీద కట్టిన ఆట. మన పల్లెల్లో ఇప్పటికీ "వాడు చచ్చాడు", "వీడు బతికాడు" అనే అంటాం. చచ్చినవాడు లేచొచ్చి మళ్లీ ఆడాలన్నది నియమం. అలా లేచి రావాలంటే, అంతకు ముందు వాణ్ని పట్టినవాడు కాలో చెయ్యో విరగ్గొట్టకుండా పట్టి ఉండాలి. ఈ చిన్న సంగతిలో ఆట స్వభావమంతా ఉంది.

బలం గురించి మాట్లాడేటప్పుడు మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, మన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం వెళ్లి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగి కలియుగ భీముడు అనిపించుకున్నారు. ఆయన ప్రదర్శనల్లో జనం నోరు తెరుచుకుని చూసినవేమిటి? ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి బిగబట్టి, ఛాతీ పొంగించి దాన్ని తెంచడం. కదిలే కార్లను పట్టి ఆపడం. ఆయన మల్లయోధుడు కూడా. అయినా జనం తరతరాలుగా చెప్పుకున్నది ఎవర్ని ఎంత గట్టిగా కొట్టారన్నది కాదు. ఎంత బరువు ఓర్చారు, ఎంతసేపు ఊపిరి నిలిపారు అన్నదే. ఓర్పునే బలమనుకునే పాత లెక్క ఒకటి మన దగ్గర ఉంది. చెడుగుడు ఆ లెక్కలోంచి వచ్చిన ఆటే.

ఇక నియమాల చరిత్ర. ఊరికో తీరుగా ఆడుతున్న ఆటను 1918 ప్రాంతంలో మహారాష్ట్రలో ఒక పద్ధతిలో పెట్టడం మొదలైంది. 1923లో నియమాలు అచ్చయ్యాయి. అదే ఏడాది బరోడాలో అఖిల భారత పోటీ జరిగింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతి (మహారాష్ట్ర) హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలివాళ్లు అక్కడ ఆడి చూపించారు. 1938లో కలకత్తాలో జరిగిన భారత ఒలింపిక్ క్రీడల్లో చోటు దొరికింది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1952లో, పురుషుల తొలి జాతీయ పోటీలు జరిగింది ఎక్కడో కాదు, మన మద్రాసులోనే.

ఆ సంవత్సరాన్ని ఒక్కసారి మన వైపు నుంచి చూడండి. 1952లో ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, అది 1953 అక్టోబర్ 1న ఏర్పడింది. తిరుత్తణి అప్పటికి చిత్తూరు జిల్లాలో ఉంది. సరిహద్దుల మార్పులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మన పెద్దలు ఆ గీతల కోసం ఎంత వాదించుకున్నారో, ఎన్ని ఇళ్లలో అన్నం సయించలేదో అందరికీ తెలుసు. అన్ని గీతలు మారినా పండగ రోజుల్లో ఊరి బయట మట్టిలో గీసే నడిగీత మారలేదు. దానికి ఇటు తెలుగు కుర్రాళ్లు, అటు తమిళ కుర్రాళ్లు ఆడారు. అక్కడ పట్టుకోవడం, విడిపించుకోవడం, మట్టి దులుపుకుని లేవడం ఉండేవి. ఆట కొట్లాటలోకి దిగిన రోజులూ కొన్ని ఉన్నాయి, ఆ రోజుల్లో పెద్దలు ఆట ఆపేయించేవారు. ఊళ్లో అది పరువు తక్కువ పనే అనిపించుకుంది.

పుస్తకంలో ఉన్న నియమాలు చదివితే ఈ పరువు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కూతకొచ్చినవాణ్ని చేతులు, కాళ్లు, నడుము పట్టి ఆపొచ్చు. జుట్టు పట్టకూడదు. బట్ట పట్టి లాగకూడదు. కూత ఆగేలా నోరు మూయకూడదు, గొంతు నొక్కకూడదు. రెండు కాళ్లతో కత్తెర వేసి పడేయకూడదు. బరి బయటికి మొరటుగా తోసేయకూడదు. ఆకుపచ్చ కార్డు చూపిస్తే హెచ్చరిక. పసుపు కార్డు చూపిస్తే రెండు నిమిషాలు బయట. ఎర్ర కార్డు చూపిస్తే ఇంటికే. ఒకడి మీద ఏడుగురు పడే ఆటలో ఆ ఒక్కడి ఊపిరికి నియమాలు కాపలా కాస్తున్నాయి.

కెనడా కుర్రాళ్లు ఐస్ హాకీ ఎత్తారు కాబట్టి దాని చరిత్ర కూడా చూద్దాం. ఉత్తర అమెరికాలో ప్రొఫెషనల్ ఐస్ హాకీకి పెద్ద లీగ్ నేషనల్ హాకీ లీగ్. 1917లో మొదలైంది. 1922లో అక్కడ ఒక నియమం తెచ్చారు: ఆటగాళ్లు పిడికిళ్లతో కొట్టుకుంటే ఆట నుంచి వెళ్లగొట్టరు, ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెడతారు. ఇద్దరూ కొట్టుకుని ఇద్దరూ కూర్చుంటే జట్ల బలం సమానంగానే ఉంటుంది. ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ వచ్చేస్తే దాన్ని శిక్ష అనలేం. కొట్టుకోవడానికి కట్టే వెల అనాలి. వెల చౌకగా ఉంటే సరుకు అమ్ముడుపోతూనే ఉంటుంది.

అలా ఆ లీగ్‌లో ఒక కొత్త ఉద్యోగం పుట్టింది. అక్కడ ఎన్‌ఫోర్సర్ అంటారు. మన భాషలో జట్టు పెట్టుకున్న వస్తాదు. నేర్పుగా ఆడే చిన్నవాడి మీద ఎవడైనా మొరటుగా పడితే వస్తాదు వెళ్లి లెక్క తేలుస్తాడు. ఎడ్మంటన్ జట్టులో వేన్ గ్రెట్స్కీ అంతటి ఆటగాడికి డేవ్ సెమెంకో అనే వస్తాదు అండగా ఉండేవాడు. అక్కడి అభిమానుల వాదనలో న్యాయం లేకపోలేదు. "రిఫరీ కళ్లు చేరని చోట మా వస్తాదు కాపాడతాడు. వాడు ఉన్నాడన్న భయంతోనే చెడ్డ దెబ్బలు తగ్గుతాయి" అంటారు. తనవాడి కోసం ముందుకెళ్లి దెబ్బ తినేవాడంటే ఎవరికైనా అభిమానం పుడుతుంది. అది మాకూ అర్థమవుతుంది.

కానీ ఆ దారి ఎక్కడికి పోయిందో కూడా చూడాలి. 1974, 1975లో వరసగా రెండుసార్లు స్టాన్లీ కప్ గెలిచిన ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టుకు బ్రాడ్ స్ట్రీట్ బుల్లీస్ అని పేరు. అంటే వీధి రౌడీలనే. అందులో డేవ్ షుల్ట్జ్ ఒక్కడే 1974-75 సీజన్‌లో 472 నిమిషాల శిక్ష తెచ్చుకున్నాడు. మ్యాచ్‌కు 60 నిమిషాలు. అంటే దాదాపు ఎనిమిది మ్యాచ్‌ల కాలం! 1976లో అదే జట్టును ఫైనల్లో మాంట్రియల్ కెనడియన్స్ 4-0తో ఓడించింది. వేగం, నేర్పు నమ్ముకున్న జట్టు అది. కప్పు చేతులు మారినా వస్తాదుల ఉద్యోగం మాత్రం ఇంకా చాలా ఏళ్లు నడిచింది. 2011లో డెరెక్ బూగార్డ్ అనే వస్తాదు 28 ఏళ్లకే చనిపోయాడు. తర్వాత మెదడు పరీక్షిస్తే, తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే జబ్బు బయటపడింది. అతని పిడికిళ్లకు వేలమంది చప్పట్లు కొట్టారు. ఆ తల మోసిన నష్టం మాత్రం అతనికి, అతని ఇంటివాళ్లకే మిగిలింది. ఇవాళ అదే లీగ్‌లో కొట్లాటలు బాగా తగ్గాయి. ఆటలో వేగం పెరిగింది, కొట్టడం ఒక్కటే తెలిసినవాడికి జట్టులో చోటు లేకుండా పోయింది. ఒలింపిక్స్‌లోనైతే కొట్టుకున్నవాణ్ని ఆట నుంచే పంపించేస్తారు.

కాబట్టి "అక్కడ ఆటలో భాగమే" అనే మాటకు మా జవాబు: వాళ్లు నూరేళ్లు పెట్టి నేర్చుకుంటున్న పాఠం మన చెడుగుడు నియమాల్లో మొదటి నుంచీ రాసి ఉంది. మనం ముందుండి, ఇప్పుడు వెనక్కి నడవడం దేనికి?

"ప్రొఫెషనల్ ఆట వచ్చాక డబ్బు, టీవీ, కేకలు వచ్చాయి, నియమాలు ఎవరు పట్టించుకుంటారు" అని ఒక పెద్దాయన అన్నారు. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలైంది. మొదటి సీజన్ నుంచే తెలుగు టైటాన్స్ ఉంది. 2017లో తమిళ్ తలైవాస్ వచ్చింది. అప్పటి నుంచి మన ఇళ్లలో తంటా మొదలైంది. తాతకు టైటాన్స్, మనవడికి తలైవాస్. 2024 దాకా రెండింట్లో ఒక్కటీ కప్పు కొట్టలేదు కాబట్టి ఇంట్లో పోరు సరిసమానంగా నడుస్తోంది! టైటాన్స్‌కు ప్రాణంలా ఆడిన రాహుల్ చౌదరి 2019లో తలైవాస్‌కు వెళ్లినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎంత రచ్చ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ లీగ్‌లో జనం ఎవర్ని గట్టివాడంటున్నారో చూడండి. తంజావూరు జిల్లా నుంచి వచ్చిన ధర్మరాజ్ చేరలాతన్ 2016లో నలభై దాటిన వయసులో కెప్టెన్‌గా పట్నా పైరేట్స్‌కు కప్పు తెచ్చిపెట్టాడు. అతని పేరు నిలిచింది పట్టుతో, ఎప్పుడు దూకాలో ఎప్పుడు ఆగాలో తెలిసిన ఓపికతో. పవన్ సెహ్రావత్‌ను 2022లో తలైవాస్ రెండు కోట్లకు పైగా పెట్టి కొనుక్కుంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి గాయమై సీజన్ అంతా పోయింది. ఏడాది తిరిగేసరికి లేచొచ్చి, 2023 అక్టోబర్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్‌గా బంగారు పతకం గెలిచాడు. ఆ సీజన్‌కే టైటాన్స్ అతన్ని ఇంకా ఎక్కువ పెట్టి కొనుక్కుంది. పడి లేచినవాణ్ని గట్టివాడంటారు. సంజీవని అంటే అదే కదా.

ఆ హాంగ్‌ఝౌ ఫైనల్ ఇంకో పాఠం. భారత్, ఇరాన్ 28-28తో సమానంగా ఉన్నప్పుడు పవన్ కూత మీద వివాదం వచ్చింది. ఏ నియమం వర్తిస్తుందో తేలక సుమారు గంటసేపు ఆట ఆగింది. నిర్ణయాలు అటూ ఇటూ మారాయి, ఆటగాళ్లు నిరసనగా మ్యాట్ మీదే కూర్చున్నారు. చివరికి ఆట మళ్లీ మొదలై 33-29తో మనవాళ్లు గెలిచారు. బంగారు పతకం చేతికందేంత దూరంలో ఉండి, అన్యాయం జరుగుతోందని రెండు పక్షాలూ నమ్ముతున్న సమయం అది. అంతటి కోపాన్ని కూర్చుని చూపించారు. మన కాణుం పొంగల్ ఆటలో ఒక్క పాయింటు కోసం చొక్కాలు చించుకునేవాళ్లకు ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఇరాన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1990 బీజింగ్ నుంచి ఆసియా క్రీడల్లో పురుషుల బంగారం ప్రతిసారీ మనదే. 2018 జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ 27-18తో ఆ వరస తెంచింది. మొరటుతనంతో తెంచారా? కాదు. వాళ్ల కుస్తీ సంప్రదాయంలో పెరిగిన చేతులకు మన ఆటలోని పట్టు నేర్పి, గొలుసులా కలిసి నిలబడటం సాధన చేశారు. ఫజల్ అత్రాచలి మన లీగ్‌లోనే ఆడి, మన జనం చేతే సుల్తాన్ అనిపించుకున్నాడు. మనల్ని ఓడించినవాళ్లు కూడా పట్టుతోనే ఓడించారు.

"మగాళ్ల ఆట" అన్న మాటకూ ఇక్కడే జవాబు చెప్పాలి. మహిళల జాతీయ పోటీలు 1955లో కలకత్తాలోనే మొదలయ్యాయి. ఆసియా క్రీడల్లో 2010లో మహిళల కబడ్డీ వచ్చింది, ఆ ఏడాదీ 2014లోనూ మన అమ్మాయిలే బంగారం తెచ్చారు. ఆ జట్లలో ఆడిన మమతా పూజారి సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగి, 2014లో అర్జున అవార్డు అందుకుంది. మన సంఘంలో ఆడపిల్లల జట్టు ఎందుకు లేదని అడుగుతున్న తల్లులది న్యాయమైన ప్రశ్న.

ఇప్పుడు అసలు బరువైన మాట. 2022లో కడలూరు జిల్లాలో ఒక ఊరి పోటీలో కూతకు వెళ్లిన యువకుడు ఎదుటివాడి మోకాలు ఛాతీకి తగిలి బరిలోనే కూలిపోయాడు. ప్రాణం దక్కలేదు. అది కొట్లాట కాదు, పగ కాదు. ఆటలో, నియమాల లోపలే జరిగింది. పట్టులో కూడా ఇంత ప్రమాదం ఉన్నప్పుడు, దానికి తోడు మనం బయట నిలబడి "కొట్టరా వాణ్ని" అని అరిస్తే ఏమవుతుందో ఆలోచించండి. బరిలో ఉన్నవాడికి ఇరవై ఏళ్లు. చుట్టూ ఊరంతా అరుస్తోంది. ఆ వయసులో ఎవడికైనా ఊరి కేకే ఆజ్ఞలా వినిపిస్తుంది.

అందుకే ఈ ఏడాది పోటీకి మేము కమిటీ ముందు పెడుతున్నవి ఇవి. నియమాలు తెలిసిన రిఫరీని పిలుద్దాం, అతని చేతికి మూడు కార్డులూ ఇద్దాం, ఎవరి కొడుకైనా సరే అతని మాటే చివరి మాట. నేల గట్టిగా ఉంటే ముందురోజే తవ్వించి మెత్తటి మట్టి పోయిద్దాం, వీలైతే మ్యాట్ అద్దెకు తెద్దాం. బరువును బట్టి జట్లు విడదీద్దాం, నలభై ఐదు కిలోల పిల్లవాడి మీద ఎనభై కిలోలవాణ్ని వదలొద్దు. ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, ఒక బండి, బండికి డ్రైవరు ఆట అయ్యేదాకా అక్కడే ఉండాలి. చెయ్యి చేసుకున్నవాడు ఎంత గొప్ప ఆటగాడైనా ఆ రోజుకు బయటే. మంచి పట్టుకు, మంచి కూతకు వేరువేరుగా బహుమతులు పెడదాం. ఆడపిల్లల పోటీ కూడా ఈసారే మొదలుపెడదాం.

ఇవన్నీ కమిటీ చేసే పనులు. అభిమానులుగా మనం చేయాల్సింది ఒకటుంది, దానికి ఖర్చు లేదు. ఈసారి గీత పక్కన నిలబడినప్పుడు "కొట్టరా" అనే మాట నోటికొస్తే "పట్టరా" అందాం. ఒక్క అక్షరమే తేడా. కానీ బరిలో ఉన్న పిల్లవాడికి ఆ తేడా బాగా వినిపిస్తుంది. ఓడిన ఊరివాడు మంచి పట్టు పడితే వాడికీ చప్పట్లు కొడదాం.

కమిటీ వచ్చే ఆదివారం కూర్చుంటోంది. ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ అంతలోపే మీ మాట చెప్పండి. ముఖ్యంగా పాతరోజుల్లో ఆడిన పెద్దలు, పిల్లల్ని పంపడానికి జంకుతున్న అమ్మలు తప్పకుండా రండి. అందరికీ ముందుగానే సంక్రాంతి శుభాకాంక్షలు.